ఫ్రిజ్జు మీద పడేసిన మందు

నేను ఒక మాత్రల షీటుని. పచ్చటి బిళ్ళలు, వెనక వెండిరంగు రేకు. యంత్రాలు నన్ను పుట్టించాయి. మందుల షాపువాడు కవర్లో పెట్టి, నరసాపురంలో లేసులు అల్లే మంగతాయారు చేతికిచ్చాడు. రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్ అయిన మనిషి. కత్తికి దొరక్కుండా ఎక్కడైనా ఒక కణం దాక్కుని ఉంటే, దానికి మేత ఈస్ట్రోజెన్ అనే హార్మోను. ఆ మేత ఒంట్లో తయారు కాకుండా అడ్డుకోవడమే నా పని. ఐదేళ్ళపాటు రోజుకొకటి వేసుకోమని డాక్టరమ్మ చెప్పింది.

నా వల్ల కష్టమే లేదని బుకాయించను. డిసెంబరు చలిలోనూ తాయారుకి ఒళ్ళంతా ఆవిర్లు కమ్మి జాకెట్టు తడిసిపోయేది. పొద్దున్నే వేళ్ళు బిగుసుకుపోయి లేసు సూది పట్టుకోవడం కుదిరేది కాదు. నా వల్ల ఎముకలూ పలచబడవచ్చు. ఇవన్నీ తెలిసే, మళ్ళీ చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ "ఎలా ఉందమ్మా?" అని అడిగింది. జవాబు చెప్పింది మాత్రం తాయారు భర్త రామబ్రహ్మం.

"బాగానే ఉందండీ, ఏ ఇబ్బందీ లేదండీ!"

నేను తాయారు చేతిసంచిలోనే ఉన్నాను. ఒళ్ళు ఆవిడది, బాగుండటం ఈయనది!

ఆ తర్వాత ఆడపడుచు సత్యవేణి చుట్టపుచూపుగా వచ్చింది. వదిన చెమటలు చూసి క్షణంలో రోగం తేల్చేసింది.

"ఇది వేడి చేసే మందొదినా! ఒళ్ళు కుతకుతలాడిపోతంది. ఆపరేషన్ అయిపోయాక ఇంకా ఈ బిళ్ళలెందుకంట? మానెయ్. సబ్జా గింజలు నానబెట్టుకుని తాగు."

అన్నగారు తలూపాడు. నన్ను ఫ్రిజ్జు మీద పడేశారు.

కొన్ని వారాలకి ఆవిర్లు తగ్గాయి, వేళ్ళ బిగువు వదిలింది. "చూశావా, నేను చెప్పలా?" అని సత్యవేణి ఫోన్లో మురిసిపోయింది. కాపలావాణ్ణి తరిమేసి, ఇల్లు ప్రశాంతంగా ఉందని సంబరపడే తెలివికి ఏం పేరు పెట్టాలి? నోరుంటే అరిచేదాన్ని.

నా పక్కనే రామబ్రహ్మం బీపీ మాత్రలుంటాయి. ఒక సాయంత్రం ఆయన తన పాదాలు చూసుకుని గొప్పలు పోయాడు.

"ఆ పాత బీపీ మాత్ర పడక కాళ్ళు వాచిపోతే, పరిగెత్తుకెళ్ళి డాక్టరుగారి చేత వేరేది రాయించుకున్నానా? చూడు, సుబ్బరంగా తగ్గిపోయింది."

తాయారు చేతిలో సూది ఆగిపోయింది.

"మీ కాళ్ళు వాస్తే మందు మార్పించుకున్నారు. నా వేళ్ళు బిగుసుకుపోతే మందే మానిపించేశారు. ఇదేం న్యాయమండీ? ఆ రోగం మళ్ళీ లేచిందంటే, మీ చెల్లెలు సబ్జా గింజలు పట్టుకుని వత్తాదా?"

మర్నాడు తాయారు నా మీద దుమ్ము తుడిచి, సంచిలో వేసుకుని ఆస్పత్రికి బయల్దేరింది. ఆయనా వెంట వచ్చాడు.

"ఎలా ఉందమ్మా?" అంది డాక్టరమ్మ.

"బాగానే..." అలవాటుగా అందుకున్నాడు రామబ్రహ్మం.

"మీరుండండి. ఆవిడ అడిగింది నన్ను."

ఆవిర్లు, వేళ్ళు, మందు మానేసిన సంగతి, అన్నీ చెప్పింది తాయారు. డాక్టరమ్మ కోప్పడలేదు.

"ఇన్నాళ్ళూ ఎందుకు దాచారమ్మా? ఇదే పని చేసే వేరే మందుంది, మార్చి చూద్దాం. ఎముకల పరీక్ష చేయిద్దాం. రోజూ నడవండి. నన్నడక్కుండా మానెయ్యడం మాత్రం వద్దు."

నన్ను అక్కడే బుట్టలో పడేశారు. మార్చినందుకు నాకేమీ చిన్నతనం లేదు. పైన తాయారు ఇంకా చెబుతూనే ఉంది. రామబ్రహ్మం నోరు మూసుకుని వింటున్నాడు.