కుచ్చిళ్ళ సముద్రం

ప్రతి ఉదయం ఎనిమిది గంటలకు కాంతమ్మ హోసూరులోని పరీక్షాశాలకు వచ్చి, తొట్టి గట్టున కూర్చుండి, చీర కుచ్చిళ్ళు తొట్టిలోనికి పిండేది. బకెట్టుకు తక్కువ కాకుండా సముద్రపు నీరు వచ్చేది. బాపట్ల దగ్గరి తీరగ్రామాన్ని విడిచి కొడుకు వెంట ఇక్కడికి చేరిన నాటి నుండి ఆ కుచ్చిళ్ళు ఆరలేదు. వారి అద్దె ఇంటి యజమానురాలు అంగాళమ్మ గడపలో గోనెపట్టా పరచి ఊరకున్నది. తొట్టి నీటికి ఉప్పు కలిపే శ్రమ తప్పినదని పరీక్షాశాల మేనేజరు పద్మనాభం సంతోషించినాడు.

పడవలకు వాడే ఫైబర్ పలకలను జిగురుతో అతికించి, ఆ అతుకులను తొంభై దినాలు ఉప్పునీట నానవేసి, పిమ్మట యంత్రానికి బిగించి తెగేవరకు లాగి చూడడం అక్కడి పని. కాంతమ్మ కోడలు ప్రవీణ అక్కడనే ఇంజనీరు. కొడుకు సుధీర్ జిగురు పెట్టే పనివాడు. ఆయుధపూజ సెలవులు ముగిసిన దినం అతడు కొత్త పడవ వెంట రేవుకు పోయి ఉన్నాడు. మరునాటి ఉదయం ఆ పడవ తొలిసారి సముద్రంలో దిగవలెను. అందులో మొదట ఎక్కేవాడు అతడే.

ఆ దినం పరీక్షాశాలలో ఆరు అతుకులలో ఐదింటిని లాగినారు. యంత్రపు ముల్లు పన్నెండు దాటితే చాలుననుకొన్నది పదిహేడు దాటినది. పద్మనాభం సర్టిఫికెట్ కొరకు కలం తీసినాడు.

ప్రవీణ ఆరవ అతుకును చేతిలోనికి తీసికొన్నది. అది పొడిగా ఉన్నది. మూలన కుంకుమ బొట్టు.

"చౌడప్పా, ఈ బొట్టు ఎక్కడిది?"

చౌడప్ప జవళగిరివాడు, యంత్రం నడిపే మనిషి. "పూజకు పెట్టినానమ్మా. స్పానర్లకంతా పెట్టి వీటికి పెట్టకుంటే యట్లా? తడిమీద కుంకుమ నిలవలేదు. ఆరింటినీ తుడిచి ఫ్యాను కింద పెట్టినాను."

"మళ్ళీ తొట్టిలో ఎప్పుడు వేశావు?"

"పూజ ఎత్తకముందు కదిలించకూడదు కదమ్మా! ఈపొద్దే ఎత్తినాను."

నాలుగు దినాలు. ప్రవీణ పద్మనాభం వైపు తిరిగినది. "సార్, ఎండితే అతుకు పోగొట్టుకున్న బలంలో కొంత తిరిగి తెచ్చుకుంటుంది. మనం లాగింది నానిన అతుకుల్ని కాదు."

"కొంత అంటే ఎంతమ్మా? అంకె చెప్పు. అనుమానం చూపించి పడవను ఆపలేను. నాలుగు గంటలకు సర్టిఫికెట్ పోవాల."

ప్రవీణ రేవుకు ఫోను చేసి భర్తకు సంగతి చెప్పినది. సుధీర్ నవ్వినాడు. "భయపడింది నీ మిషనా, నువ్వా?"

"నేనే. ఎక్కకండి."

"నేను దిగితే ఇంకొకడు ఎక్కుతాడు. జిగురు పెట్టినవాణ్ణి నేను ఒడ్డున కూర్చోనా?"

అప్పటికి రెండు గంటలైనది. ఇంటికి పోని కాంతమ్మ గట్టు మీదనుండి చేయి చాచినది. "ఆ ముక్క ఇటివ్వమ్మా."

అతుకును కుచ్చిళ్ళలో చుట్టి, ఒడిలో పెట్టుకొని కూర్చున్నది.

"ఎంతసేపు అత్తయ్యా?"

"మీ మామయ్య చేపలవేటకు పోతే ఎంతసేపని అడిగేదాన్నా? కూర్చునేదాన్ని. కూర్చోనీ."

తడి ఆమె మోకాళ్ళు దాటి నడుము వరకు ప్రాకినది. నేలమీద నీరు వచ్చి, వెనుకకు పోయి, మరల వచ్చినది. చౌడప్ప తుడిచి తుడిచి బకెట్లు నింపినాడు. పద్మనాభం కాళ్ళు కుర్చీ మీదికి మడుచుకొని సర్టిఫికెట్ టైపు చేయసాగినాడు. గడియారం మూడున్నర చూపినది. ప్రవీణ ఫోను రెండుసార్లు మ్రోగినది, ఆమె తీయలేదు.

మూడు గంటల నలుబది నిమిషాలకు కాంతమ్మ మూట విప్పినది. కుంకుమ లేదు. అతుకు చుట్టూ చిన్న చిన్న గవ్వలు అంటుకొని ఉన్నవి.

చౌడప్ప గవ్వలు గీకి అతుకును బిగించినాడు. ముల్లు మూడు, అయిదు, ఆరు దాటినది. ఏడు దగ్గర ఠప్పున విడిపోయినది. జిగురు ఒక పలకనుండి అరటితొక్కవలె లేచి వచ్చినది.

పద్మనాభం కలానికి మూత పెట్టి రేవుకు ఫోను చేసినాడు. "మనుషులు వద్దప్పా. ఇసుక మూటలు ఎక్కించి తాడు కట్టి దించండి."

మరునాడు పదకొండు గంటలకు సుధీర్ ఫోను చేసినాడు. "విచ్చుకుంది ప్రవీణా. నేను నిలబడాల్సిన చోటే. మూటలన్నీ మునిగిపోయాయి."

ప్రవీణ తొట్టి వద్దకు పరుగెత్తినది. కాంతమ్మ గట్టున కూర్చుండి కుచ్చిళ్ళు పిండుచున్నది. చుక్క రాలేదు. మరల పిండినది. పొడి నూలు కిర్రుమన్నది.

చౌడప్ప అంగడికి పోయి ఉప్పు మూట తెచ్చి గట్టున పెట్టినాడు.

"వాడు ఎప్పుడొస్తాడట?" అని కాంతమ్మ అడిగినది.

"రేపు పొద్దుటి బస్సుకు, అత్తయ్యా."

ఆమె కుచ్చిళ్ళు సవరించుకొని లేచి వాకిలి వైపు నడచినది. ఆమె వెనుక నేలమీద అడుగుల తడి పడలేదు.