వరస కట్టినావిడ

శుక్రవారం పొద్దున్నే వేదవతి, ఆమె భర్త వేణుగోపాలరావు ఆవకాయ జాడీలో తడి గరిట పెట్టిందెవరన్న దాని మీద పోట్లాడుకున్నారు. తాను పెట్టలేదన్నాడాయన. మరి గరిట దానంతటదే దూకిందా అని ఆవిడ అడిగింది. పదిహేనేళ్ల కూతురు ధాత్రి ఆ గొడవ వినలేక, ఖతర్‌లో దోహా పక్కనున్న అల్ వక్రాలోని వాళ్ల ఫ్లాటంతా మోగేలా ఫోన్లో పాట పెట్టింది. తన గిటార్ టీచర్ మోరాగ్ విడుదల చేసిన కొత్త పాట అది.

వేదవతి జాడీ మూత పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆ వరస తనది.

మోరాగ్‌ది స్కాట్లండ్. చేపల రేవున్న చిన్న ఊళ్లో పుట్టి, ఇరవై ఏళ్లకే సొంతంగా పాటలు రాసి పాడి, ఒక ఏడాదిపాటు అక్కడి రేడియోలన్నిట్లో మోగిపోయింది. ఆ మొదటి పాట మీద మేనేజరు తన పేరు వేసుకున్నాడు. ఇదేమిటని అడిగితే రికార్డు కంపెనీ ఆమెనే వదిలేసింది. ఆ తర్వాత ఓడల్లో, హోటళ్లలో పరాయి పాటలు పాడుకుంటూ దోహా చేరి, అల్ అజీజియాలో పిల్లలకు పాఠాలు చెబుతోంది. మళ్లీ ఒక్క పాటైనా కుదరలేదని, ఓసారి క్లాసయ్యాక టీ తాగుతూ తనే చెప్పుకుంది. ఆ పూటే వేదవతి, ధాత్రి పసిపిల్లగా ఉన్నప్పుడు తాను కట్టిన జోలపాట పాడి వినిపించింది. మోరాగ్ రెండుసార్లు పాడించుకుని రికార్డు చేసుకుంది. ఎవరిదని అడిగితే వేదవతికి సిగ్గేసి, ఇంట్లో పాడుకునేదేలే అంది.

ధాత్రి ఫోన్‌లో పాట కింద ఉన్న పేర్లు చూపించింది. మాటలు మోరాగ్‌వి. వరస మాత్రం పాత తెలుగు జానపదమట.

నన్నొక్క మాట అడగాలనిపించలేదా అని వేదవతి మోరాగ్‌కి మెసేజ్ పెట్టింది. అయిదు నిమిషాల్లో జవాబొచ్చింది. నెల క్రితమే అడిగానంటూ ఆ సంభాషణ ఫొటో పంపిందావిడ. క్లాసు ఫారంలో ఉన్నది వేణుగోపాలరావు నంబరు. ఖతర్ వచ్చిన దగ్గర్నుంచీ స్కూలుకైనా ఆసుపత్రికైనా ఆయన నంబరే ఇస్తారు. పాట కట్టిందెవరో చెప్పండి, పేరు వేయాలి అని మోరాగ్ రాసింది. మా వైపు పాత పాట, ఎవరిదీ కాదు, నిశ్చింతగా వాడుకోండి అని ఆయన రాశాడు.

వేదవతి ఫొటో ఆయన ముందు పెట్టింది. ఆయన కళ్లజోడు తుడుచుకున్నాడు. పాట మీద నీ పేరు చూస్తే ఆఫీసులో నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారన్నాడు. జోలపాటకి పేరెందుకన్నాడు.

"నేను కట్టానని మీకు తెలీదా?" అంది వేదవతి.

"తెలియకేం. నువ్వు కడుతుంటే ఉయ్యాల ఊపింది నేనేగా."

మోరాగ్‌ని తిట్టుకున్నందుకు వేదవతికి చిన్నతనంగా అనిపించింది. ఆవిడ పేరు కాజేసింది మేనేజరు, పరాయివాడు. తన పేరు లేకుండా చేసింది, పాట పుడుతున్నప్పుడు పక్కనే ఉన్న మనిషి. గదిలోకి వెళ్లి, మోరాగ్‌కి ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడింది.

మధ్యాహ్నం దొండకాయ వేపుడు, పప్పుచారు. ముగ్గురూ కంచాల ముందు కూర్చున్నారు. ఆవిడ కోపం తగ్గిందా అన్నట్టు ఆయన చూశాడు. ఆవిడ ఆయనకి చారు పోసి, తానూ కలుపుకుంది.

"వరస నాదేనని మోరాగ్‌కి చెప్పానండీ. ఇవాళే పేరు మారుస్తానంది. వచ్చే గురువారం ఆవిడ కచేరీలో మొదటి చరణం నేను తెలుగులో పాడుతున్నాను. వస్తే రండి. లేదంటే నేనూ ధాత్రీ మెట్రోలో వెళ్తాం."