చిల్బోకు తల్లి నాలుక

శరత్కాల మవసానదశకు వచ్చెను. కొరియా దేశపు దక్షిణభాగమందలి పర్వతశ్రేణులపై వృక్షములెల్ల జీర్ణపత్రములను రాల్చుటకు ముందొకమాఱు పండుగచీరలు గట్టిన చందమున ఎఱ్ఱవాఱి ప్రాతస్తుషారము నడుమ మెఱయుచుండగా, ఉత్తరదిశనుండి వచ్చిన క్రౌంచపంక్తులు కోసిన వరిమళ్లలో రాలుగింజల నేఱుకొనుటకై బారులుదీఱి దిగుచుండగా, ఒకానొక కొండలోయలో ఇరువదిరెండు పూరియిండ్ల పల్లె తన పొయ్యిల పొగను నింపాదిగ నాకసమున కెత్తుచుండెను. దాని పేరు సోల్గోలు. సరళవృక్షముల లోయ యని యర్థమట.

ఆ పల్లెలో ఏ యింటి పెరటిలో జూచినను ఎండ బాగుగ దగులు రాతితిన్నెపై కడుపుబ్బిన గోధుమవన్నె జాడీలు వరుసగ గూర్చుండియుండును. వానియందుండు పదార్థమునకు జాంగని పేరు. సోయాచిక్కుడు గింజల నుడికించి దంచి యిటుకలవలె ముద్దలుచేసి గడ్డిత్రాళ్లతో దూలములకు వ్రేలాడగట్టి చలికాలమెల్ల నాఱనిచ్చి పిమ్మట ఉప్పునీట నూరవైచి యెండకు దెఱచి వానకు మూసి నెలలతరబడి పసిబిడ్డనువలె సాకిన గాని ఆ నల్లనిరసము చేతికిరాదు. మనకు ఆవకాయ యెట్లో వారికి జాంగట్లు. గింజయొకటియే యుప్పొకటియే యేటినీరొకటియే యైనను ఒక యింటి రుచి వేఱొక యింటికి రాదు. ఇంటిజాంగును దెగడుట యనగా ఆ యింటి యిల్లాలిని దెగడుటయే యని వారి తలంపు.

ఆ పల్లెలో చిల్బోకు తల్లి యను విధవ యొకతె గలదు. ఆమె సొంతపేరేమో యామెకే మఱపువచ్చియుండును. తల్లిని బిడ్డపేరిట బిలుచుట ఆ దేశాచారము. ఒక్క చుక్క నాలుకపై వైచినచో ఇది యే యింటిజాంగో యే యేటిదో ఆ జాడీ తిన్నెపై నీడపట్టున నుండెనో యెండపట్టున నుండెనో తడుముకొనక చెప్పగలదని యామెకు బ్రసిద్ధి. ఆమెను బోల్తాకొట్టింపవలెనని ఇల్లాండ్రు పన్నిన పన్నాగములకు లెక్కలేదు. ఒక్కతెయు నెగ్గలేదు. అందుచేత నామెకు గర్వము గూడ గొంచెము గలదు. భర్త పోయిన పిదప ఆ జాడీలును ఇరువదియేండ్ల కొడుకును దప్ప ఆమెకు లోకమున మఱేమియు లేదు.

చిల్బోకు కట్టెలు గొట్టి బ్రదుకువాడు. మంచివాడే కాని కోపము ముక్కుమీద నుండును. ఎగువపొలముల పెద్దరైతైన హ్వాంగు మఱొక తీరువాడు. ఎవరింట విందునకు బోయినను ఆ యింటిజాంగునకు వంకబెట్టక లేవడు. అతడొకనాడు సంతలో పదుగురి నడుమ నిలిచి చిల్బోకు తల్లి జాడీలలో బురుగులు మసలుచున్నవని పరిహసించెను. చిల్బోకు చివాలున వచ్చి యతని మెడపట్టుకొని "మా యమ్మ జాంగుమాట మఱల నెత్తితివా, నీ నోట మన్నుగొట్టెదను!" అని గర్జించెను. సంతయంతయు వినెను.

మూడవనాటి యుదయమున సరళవనమార్గమందు హ్వాంగు తల పగిలి మృతుడై పడియుండెను. ప్రక్కనొక రక్తసిక్తశిల, దాని చెంత నొక చిన్నజాడీ పెంకులు. అతని యంగీ కుడిచేయి మోచేతిదనుక జాంగులో దడిసి నల్లబడియుండెను. దిగువపొలముల రైతు యోమనువాడు, ఎన్నడును గొంతెత్తి మాటాడని మెత్తనివాడు, చిల్బోకు చంకలో నేదియో యిఱికించుకొని ఆ త్రోవను బోవుచుండగా దాను జూచితినని సాక్ష్యమిచ్చెను. ఆ వేళ దాను కొండమీద గట్టెలు గొట్టుచుంటినని చిల్బోకు మొఱపెట్టుకొనెను. చూచినవా రెవ్వరు? కొండ యొక్కటే. భటులు వాని మెడకు గొయ్యబొండ దగిలించి చెఱసాలకు గొనిపోయిరి.

తల్లి చెఱసాలకు బరుగెత్తెను. కొయ్యకటకటాల నడుమనుండి కొడుకు ముఖమును రెండుచేతులం బట్టుకొని "నాయనా, నాతో నిజము చెప్పుము" అనెను.

"నీ చేతి యన్నము తోడమ్మా, నేను చంపలేదు."

"చాలు" నని యామె నేరుగ న్యాయాధికారికడకు నడచెను.

న్యాయాధికారి పేరు హాను. గుఱ్ఱపువెండ్రుకలతో నేసిన నల్లటోపీక్రింద నెఱసినగడ్డము గల పండితుడు. చీమలబారు గనబడినను నిలిచి యవి యెందుబోవుచున్నవో చూచిగాని కదలని కుతూహలపరుడు. చిల్బోకు తల్లి యాతనిముందు సాగిలబడి "అయ్యా! ఆ జాడీ తెచ్చినవాడే హంతకుడు. హతుని యంగీచేతికి జాంగంటియున్నది గదా. దానిని నీట బిండించి నా నాలుకపై నొక్కచుక్క వేయింపుడు. ఏ యింటి జాడీయో చెప్పెదను" అని విన్నవించెను. ఆతని కన్నులు మెఱసెను. ఇట్టి సాక్ష్యమును ఆతడు ముప్పదియేండ్ల యధికారములో గనియెఱుగడు వినియెఱుగడు.

"తల్లివి గదా. నీ నాలుకను నే నెట్లు నమ్ముదును?"

"పరీక్షింపుడు" అని యామె తలయెత్తెను.

మఱునాడు పల్లెయెల్ల న్యాయస్థానప్రాంగణమున గుమిగూడెను. హాను పలు యిండ్లనుండి తెప్పించిన జాంగుతో ఏడు గిన్నెలు వచ్చెను. ఆమె యొక్కొక్క చుక్కయే చప్పరించుచు ఆఱు గిన్నెలకు ఆఱిండ్ల పేరులు చెప్పెను. ఏడవదానికడ ముక్కుచిట్లించి "ఇది యే యింటిదియు గాదు. యోముగారి జాంగులో మా పొరుగింటిది కలిపినారు. దానితో రెండును జెడినవి" అనగా జనము గొల్లున నవ్వెను. హాను గూడ గడ్డముచాటున నవ్వెను. ఆ న్యాయాధికారి చేయించిన కల్తీ యదియే మఱి.

అంతట నొక భటుడు నల్లనిమరకలు గల యంగీచేతిని దెచ్చి యెల్లరయెదుట నీటగిన్నెలో బిండెను. కొయ్యబొండతో మోకరిల్లియున్న చిల్బోకు తన తల్లివంక నాశతో జూచుచుండెను. ఆమె యొక చుక్కను నాలుకపై నిడుకొనెను.

ఆ యుప్పు తన పిడికిటి యుప్పు. ఆ వాసన తన తిన్నెపై తూర్పుకొసనున్న మూడేండ్ల జాడీ వాసన. పాలు ద్రావిన బిడ్డకు దల్లి యెట్లు తెలియునో యామెకా రుచి యట్లు తెలిసెను. పొరబాటునకు దావులేదు. ఆ జాడీమూత నెత్తగలవారు లోకమున నిద్దఱే, తానును తన కొడుకును. కొండ లేదు కట్టెలు లేవు అన్నముమీది యొట్టు గూడ లేదని యామెకు దోచెను. ప్రాంగణమంతయు నామె నోటివంక జూచుచుండెను.

"ఇది యీ పల్లెది కా"దని చిల్బోకు తల్లి పలికెను. "సముద్రపుటుప్పు వేసినారు. ఎవరో తీరవాసి, పరదేశి."

హాను మెల్లగ నిట్లనెను. "అమ్మా, ఇది హతుని యంగీచేయి కాదు. ఈ యుదయమున నా భటుడు నీ తిన్నెమీది తూర్పుకొస జాడీనుండి గరిటెడు జాంగు దొంగిలించి ఈ గుడ్డపై బోసెను. నీ నాలుక నేర్పును ఏడుగిన్నెలతో దూచితిని. నీ నోటి నిజమును దీనితో దూచితిని. అసలు గుడ్డ నా పెట్టెలో ముద్రవేసి యున్నది. నీవు నిజము చెప్పియుంటివేని దానిని నీకే యిచ్చియుందును. ఇప్పుడు నీమాట యెవ్వరు నమ్ముదురు?"

జనములో గలకలము పుట్టెను. అయినను ఆ సభాసంక్షోభముకంటె చిల్బోకు తల్లిని గోసినది కొడుకు చూపు. వాడు మూఢుడు కాడు. తల్లి యెందు కబద్ధమాడెనో వానికి దెలిసిపోయెను. వాని చూపులో గోపము లేదు. వెనుకటి యాశయు లేదు. వాడు తల వంచుకొనెను.

కథ చెప్పువాని కిచ్చట నొక ముచ్చట తోచుచున్నది. మఱియొకతె యైనచో అచ్చటనే మూర్ఛిల్లియుండును. చిల్బోకు తల్లికి మూర్ఛిల్లుటకు దీరికలేదు. ఆమె ముందునకు బ్రాకి న్యాయాధికారి పాదముల సమీపమున నుదుటిని నేల గొట్టుకొని యిట్లు పలికెను.

"అయ్యా! నా నోటిని నమ్మవలదు. అది తల్లినోరు, చెడిపోయినది. నా నాలుక చెడలేదు. ఇరువదిరెండిండ్ల జాంగును దెప్పింపుడు, మా యింటిదియు గలిపియే. హతుని యంగీచేతినీటితో నిరువదిమూడు గిన్నెలగును. అన్నింటను సమముగ నీరుకలిపి యొక్కొక్క గుడ్డపీలిక నాననిండు. అన్నింటికిని గుడ్డవాసన పట్టవలెను. గుర్తులు గిన్నెల యడుగున మీరే వ్రాసికొనుడు. నేను నోరు విప్పి యే పేరును జెప్పను. ఒకే యింటివైన రెండుగిన్నెలను మాత్రము మీముందునకు జరిపెదను."

హాను గడ్డము దువ్వుకొనుచు ఆ మాటలను లోలోన నన్నివైపుల ద్రిప్పి చూచెను. ఏది హతుని గిన్నెయో యామెకు దెలియదు. కనుక బొంకి వేఱు గిన్నెలను జరిపినచో అడుగుగుర్తులే యామెను బట్టియిచ్చును. జోడు తన యింటిదే యైనచో దన చేతులతోడనే కొడుకునకు నురి బిగించినట్లగును. ఆమె కిదియంతయు దెలియునా యని ఆమె ముఖమును బరికించెను. తెలియును.

"నీ గిన్నెయే జోడైనచో?"

ఆమె తలవంచుకొనియున్న కొడుకువంక నొకమాఱు చూచి "వాడు అన్నముమీద నొట్టువెట్టినాడు. ఒకసారి నమ్మక చెడితిని. ఈసారి నమ్మి చూచెద" ననెను.

మఱుసటి దినము ప్రొద్దెక్కినపిమ్మట ఇరువదిమూడు తెల్లగిన్నెలు చాపపై బారుగ నమరెను. చిల్బోకు తల్లి చుక్కచుక్కకు నడుమ ముల్లంగిముక్క కొఱికి మంచినీరు పుక్కిలించుచు మోకాళ్లపై జరుగసాగెను. ఏడవగిన్నెకడ ఆమె చేయి యాగెను. అది తన యిల్లు. అది మొదలుకొని ప్రతిగిన్నెయు నామెకు గండమే యయ్యెను. ఎనిమిదవదానిలో దన యుప్పు లేదు. తొమ్మిదవదానిలో లేదు. పదునాఱవది దాటెను. ఇరువది దాటెను. ఇరువదియొకటవ గిన్నెలోని చుక్కను నాలుకపై నుంచుకొని కనులు మూసికొనెను. వెనుకకు జరిగి పదునాఱవదానిని మరల జప్పరించెను. కడపటి రెంటిని గూడ విడువక చూచెను. పిదప చెమటచేతులతో రెండుగిన్నెలను న్యాయాధికారిముందునకు జరిపి, ఒక్కపేరైనను బలుకక, వెనుకకు జరిగి కూర్చుండెను.

హాను స్వయముగ లేచి వచ్చి మొదటిగిన్నెను దలక్రిందుచేసి చూచెను. దాని యడుగున హతుడని వ్రాసియుండెను. రెండవగిన్నెను ద్రిప్పెను. చూచి తల యెత్తెను.

"యోమూ! ముందునకు రమ్ము."

మెత్తనివాడు ముందునకు వచ్చెను. బొంకుటకు దగిన బలము వానికి లేదు. ఎగువపొలమునుండి యేటినీరు విడువుమని వేడుకొనుటకు, తన భార్య చేసిన జాంగులోకెల్ల మేలైనదానిని జాడీలో బట్టుకొని హ్వాంగునకు గానుకగ దీసికొనిపోయితిననియు, ఆతడు వ్రేలుముంచి నాకి ఇది పందులతొట్టికి దగునని యుమ్మివైచి తన యంగీచేతిపై తానే జాడీ నొలుకబోసికొని యోమునే తిట్టెననియు, అటుపిమ్మట ఱాయి తనచేతి కెట్లు వచ్చెనో తానెఱుగననియు వాడు నేలపై గూలబడి యేడ్చెను. సంతలో నందఱును వినిన చిల్బోకు మాట యప్పుడు వానికి జ్ఞప్తికి వచ్చెనట. తప్పించుకొనుటకు దారి దొరకెనట. చిల్బోకు తల్లి వానివంక జూడలేదు. భటులు కొడుకు మెడనుండి కొయ్యబొండ యూడదీయుటనే చూచుచుండెను.

ఇంటికి వచ్చినపిదప ఆమె పొయ్యి రాజవేసి తూర్పుకొస జాడీజాంగుతోడనే చాఱు కాచి వేడియన్నముతో గొడుకుముందు బెట్టెను. చిల్బోకు మెడపై గొయ్య యొఱసిన పుండ్లు పచ్చిగ నుండెను. వాడు చెంచా ముట్టలేదు.

"అమ్మా, ఒక్కమాట యడుగుదునా?"

"అడుగుము."

"ఆనాడు ఆ చుక్కను చప్పరించినపుడు, నేనే చంపితినని నమ్మితివి గదా?"

ఈ ప్రశ్నకు దల్లులు సాధారణముగ నేమి చెప్పుదురో పాఠకు లెఱుగుదురు. ఆమెయు నట్లే చెప్పియుండవచ్చును. వాడును నమ్మినట్లు నటించియుండును. కాని యా నోటితో నామె యంతకుమునుపే యొక యబద్ధమాడి దాని ఖరీదు చూచినది.

"నమ్మితిని నాయనా" అని యామె చెప్పెను. "నమ్మియు నిన్ను విడువలేకపోతిని."

చిల్బోకు చాఱుగిన్నెవంక జూచెను. ఆవిరి తగ్గెను. పిదప చెంచా యెత్తి ఒక్కమెతుకైన విడువక భుజించి ఖాళీగిన్నెను దల్లిచేతి కిచ్చి "ఇంకను గలదా?" అని యడిగెను. ఆమెకప్పుడు గాని యేడుపు రాలేదు.

మఱుసటి వసంతమున ఊరినజాంగును వడియగట్టుదినమున ఇల్లాండ్రెల్ల వాడుక చొప్పున గిన్నెలు చేతబూని చిల్బోకు తల్లి పెరటికి వచ్చిరి. ఆమె క్రొత్తజాడీమూత తీసి గరిటె ముంచెను. ముంచి తననోటి కెత్తుకొనలేదు. తిన్నెప్రక్కన గట్టెలు చీల్చుచున్న కొడుకును బిలిచి వాని కందిచ్చెను. వాడు నాలుకకొన తాకించి మొగము ముడిచి నీళ్లు నమలుచు దల్లివంక జూచెను.

"ఉప్పు కొంచె మెక్కువైన దమ్మా."

ఇల్లాండ్రు నోళ్లు నొక్కుకొనిరి. ఇరువదియేండ్లలో ఆ జాంగునకు వంకబెట్టి బ్రదికినవాడు లేడు. చిల్బోకు తల్లి గరిటెను దిరిగి పుచ్చుకొని రుచి యైనను జూడక జాడీపై మూతపెట్టి కొంగుతో జేతులు దుడుచుకొనెను.

"నీవనిన నెక్కువయే యైయుండును" అని నవ్వెను.