జెనోవియా చిన్నచూపు

రోజూ ఉదయం ఏడింటికి జెనోవియా కాఫీ కాచేది, మొగుణ్ణి చంకల కింద పట్టుకుని లేపి కుర్చీలో మూడు దిండ్ల మీద కూర్చోబెట్టేది, తను నిలబడే తాగేది. ఇలియె రెండు చేతులతో కప్పు పట్టుకుని ఊదుకుంటూ ఉంటే, "ఆ ఊదుడుకి కాఫీ చల్లారదు గానీ నా వయసు అయిపోతుంది" అనేది. ఇలియె నవ్వేవాడు. మాటలకి అతనికేమీ అయ్యేది కాదు. అయ్యేదంతా చూపుకే.

బోతొషానిలో సాక్సుల ఫ్యాక్టరీ మూతపడేదాకా ఆమె ఇరవై తొమ్మిదేళ్ళు అక్కడి తనిఖీ బల్ల దగ్గర నిలబడింది. జారిన కుట్టు, వంకర మడమ, జత కలవని రంగు, ఏదీ ఆమె కన్నుగప్పి గేటు దాటలేదు. ఆ కన్నే ఇంటికీ తెచ్చుకునేది. ఆమె చిన్నచూపు చూసినవాళ్ళు చిన్నవాళ్ళయ్యేవాళ్ళు. ఫ్యాక్టరీ సూపర్‌వైజరు రిటైరయ్యే నాటికి కోటు తగిలించే కొయ్య కింద నిటారుగా నిలబడగలిగేవాడు. ఇలియె పెళ్ళినాడు గుమ్మానికి తగలకుండా తల వంచుకుని లోపలికొచ్చిన మనిషి. ఇప్పుడు భోజనాల బల్లకి ఒక వేలు తక్కువ.

"మా మనవడి చలికాలం బూట్లు చిన్నవయిపోయాయి, మీ ఆయనకి పంపనా?" అని పక్కింటి ప్రొఫీరా మెట్ల మీద అడిగేది.

"పంపు. వాటిల్లోనూ జారిపోతాడులే."

ఫ్యాక్టరీ పోయాక ఆ ఊళ్ళో ఆడవాళ్ళకి మిగిలిన దారి ఇటలీ. పరాయి ముసలివాళ్ళకి స్నానాలు చేయించడం, మంచం మార్చడం, వాళ్ళ కొడుకులు ఆదివారం వచ్చి సరిగ్గా చూస్తున్నావా అని అడిగితే తల ఊపడం. అక్కడ బ్రెషాలో ఉంటున్న పిన్ని కూతురు అస్పాసియా ఒక ముసలామె ఇంట్లో జెనోవియాకి చోటు మాట్లాడి పెట్టింది, నవంబరు దాకా ఆగుతామన్నారు. జెనోవియాకి ఆ ముసలామె మీద అప్పుడే ఏవగింపు పుట్టింది. అందుకని ఊళ్ళో నిరుద్యోగులకి కంప్యూటర్ ప్రోగ్రామింగ్ నేర్పుతారనీ, పరీక్షలో మొదటి ఇద్దరికీ ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో తప్పులు పట్టే ఉద్యోగం ఇస్తారనీ తెలిసి, పేరు రాయించుకుంది.

"నువ్వు ఇటలీ పోతే నన్నేం చేస్తావ్?" అనడిగాడు ఇలియె ఒకసారి.

"సూట్‌కేసులో పెట్టుకుపోతా. పట్టేంతే ఉన్నావు కదా."

క్లాసు చెప్పేవాడు ఒక్తావ్. యాష్ నగరం నుంచి వచ్చిన పాతికేళ్ళ కుర్రాడు, వచ్చిన రోజున ఆరడుగులు. ఎదుట కూర్చున్న తొమ్మిదిమంది ఆడవాళ్ళనీ, ఒక మాజీ ట్రాఫిక్ పోలీసునీ చూసి, చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు గొంతు పెంచాడు. మూడోవారం ఫర్ లూప్ మొదలుపెట్టాడు.

"చేసిన పనే మళ్ళీ మళ్ళీ చెయ్యాలంటే లూపు. మీరు ఫ్యాక్టరీలో చేసిందదేగా ఆంటీ? బుర్రతో పనిలేని పని. ఎక్కడ మొదలు, ఎక్కడ ఆపాలి, ప్రతిసారీ ఏం చెయ్యాలి, అంతే. చూడండి, ఒకటి నుంచి పదికి అని రాశాను."

తెర మీద ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు వరసగా పడ్డాయి.

"పదేదీ?" అంది జెనోవియా.

"పది రాదు."

"పది అని నువ్వే రాశావుగా?"

"రాస్తాం. రాదు. ఆఖరిది లెక్కలోకి రాదు."

"ఎందుకు రాదు?"

"రాదంతే ఆంటీ. మీ వయసులో ఎందుకని అడక్కండి, బట్టీ పట్టండి."

"డజను కట్టమంటే పదకొండు కట్టినవాణ్ణి మా ఫ్యాక్టరీలో ఆ పూటే ఇంటికి పంపేవాళ్ళం" అంది జెనోవియా, వాణ్ణి పైనుంచి కిందదాకా తీరిగ్గా చూస్తూ. ఒక్తావ్ ప్యాంటు అంచులు బూట్ల మీదుగా జారి నేలకి తగిలాయి. వంగి రెండు మడతలు పెట్టుకుని పాఠం సాగించాడు. అక్టోబరు నాటికి బోర్డు పైవరసలో రాయడానికి సోడా సీసాల పెట్టె ఎక్కేవాడు. బట్టలు కురచ చేయించుకోమని మాజీ పోలీసు వాడికి దర్జీ చిరునామా ఇచ్చాడు.

వాడు ఎంత కురచైనా లూపు మాత్రం జెనోవియాకి లొంగలేదు. ఎప్పుడూ ఒకటి తక్కువ వచ్చేది. ఒకటి కలిపితే ఇంకోచోట ఒకటి ఎక్కువయ్యేది. పరీక్ష నాలుగు రోజులుందనగా, ఆదివారం చర్చి నుంచి వచ్చి, శిక్షణ సెంటర్ వాళ్ళిచ్చిన లాప్‌టాప్ ముందు కూర్చుని దాన్ని తిడుతూ ఉంటే, ఇలియె కుర్చీ ఎక్కి దిండ్ల మీద నిలబడి తెరలోకి చూశాడు.

"ఇది నా సంగతిలాగే ఉంది జెనో."

"నీలాంటిదైతే ఇంక బాగుపడ్డట్టే."

"విను. మన పెళ్ళైన యేడు సున్నా అనుకో. అప్పుడు నేను నూట డెబ్భై ఎనిమిది సెంటీమీటర్లు. ఏడాదికి నాలుగు తగ్గించు. ఇరవై ఆరేళ్ళు. మొదలుంది, ఆఖరుంది, ప్రతిసారీ చేసే పనుంది." రేపు మబ్బుగా ఉంటుందని చెప్పినట్టు చెప్పాడు.

"నాలుగేనని నీకెవరు చెప్పారు?"

"ఏటా సెయింట్ ఇలియె పండగనాడు తలుపు చట్రం మీద పెన్సిల్‌తో గీత పెట్టుకుంటాగా. ఎప్పుడు కొలిచినా నాలుగే."

ఆ గీతలు ఆమెకి తెలుసు. కర్ర మీద మరకలనుకుని రెండుసార్లు సబ్బు పెట్టి తోమింది కూడా.

ఆమె అతను చెప్పినట్టు రాసింది. సున్నా నుంచి ఇరవై ఆరుకి. అంకెలు దిగాయి. నూట డెబ్భై ఎనిమిది, నూట డెబ్భై నాలుగు, నూట డెబ్భై. ఆఖరి వరస డెబ్భై ఎనిమిది.

"తప్పు. నువ్వు డెబ్భై నాలుగేగా."

"పోయినేడు డెబ్భై ఎనిమిదే ఉన్నాను. అంటే అది పోయినేడు దగ్గర ఆగింది. నువ్వు ఇరవై ఆరు అంటే, ఇరవై ఆరో యేటి గడప దాకా వచ్చి లోపలికి రాలేదు." ఇలియె చిన్న వేలు తెరకి ఆనించాడు. "ఇరవై ఏడు అను. ఇరవై ఆరు లోపలికొస్తుంది."

ఆమె ఇరవై ఏడు వేసింది. డెబ్భై నాలుగు వచ్చింది.

ఒక్తావ్ ఆరువారాల్లో చెప్పలేనిది ఈ మనిషి ఒక్క ముక్కలో చెప్పాడు. అది ఒప్పుకోవడం ఇష్టంలేక ఆమె ఇరవై ఏడు కొట్టేసి, కసిగా యాభై వేసింది. అంకెలు జర్రున కిందికి జారాయి. ముప్పై, ఇరవై ఆరు, పది, ఆరు, రెండు. తర్వాత మైనస్ రెండు. మైనస్ ఆరు. మైనస్ పద్దెనిమిది దాకా పోయాయి.

"ఇదేంటి?" అంది జెనోవియా. "మనిషి మైనస్ పద్దెనిమిది ఎలా ఉంటాడు?"

"ఉండడు. దానికేం తెలుసు, ఆగమని నువ్వు చెప్పలేదుగా."

"సిగ్గులేని యంత్రం. సున్నా దాటాక తీసెయ్యడానికి ఏముందని తీస్తుంది?"

ఆమె 'రెండు' అని ఉన్న వరస దగ్గరే చాలాసేపు ఉండిపోయింది. రెండు సెంటీమీటర్లంటే సాక్సు అంచుపట్టీ వెడల్పు. తర్వాత యాభై చెరిపి, ఇరవై ఏడు వేసి, లాప్‌టాప్ మూసేసింది. ఆ సాయంత్రం పొయ్యి తోముతూ ఒక్క మాటా అనలేదు. ఒంట్లో బాగాలేదేమోనని ఇలియె భయపడ్డాడు.

పరీక్షలో నలభై ఎనిమిది సీట్ల బస్సుకి ఒకటి నుంచి టికెట్ నంబర్లు వెయ్యమన్నారు. మాజీ పోలీసు నలభై ఎనిమిదని రాసి ఒక ప్రయాణికుణ్ణి రోడ్డు మీద వదిలేశాడు. ఒక్తావ్ స్టూలెక్కి జెనోవియా తెర చూశాడు.

"నలభై తొమ్మిదెందుకు వేశారు ఆంటీ? ఎవరన్నా చెప్పారా?"

"మా ఆయన చెప్పాడు."

"ఆయనేం చేస్తారు?"

"ఏమీ చెయ్యడు. నీకంటే బాగా చెప్తాడు."

వాడు తప్పు కోసం నాలుగుసార్లు నడిపి చూశాడు. ప్రతిసారీ నలభై ఎనిమిదో సీటు దాకా టికెట్లు వచ్చాయి. పంటి బిగువున ఆమె పేరు మొదట రాశాడు. సోమవారం నుంచి రమ్మని ఆఫీసువాళ్ళ ఉత్తరం అక్కడే ఇచ్చారు.

ఇంటికొచ్చేసరికి ఇల్లంతా మాడు వాసన. ఇలియె పీట మీద నిలబడి, తన చెయ్యంత పొడుగున్న గరిటెతో మొక్కజొన్న సంకటి కలుపుతున్నాడు. సంకటి అడుగంటింది, చొక్కా మీద సగం వొలికింది, పొయ్యి నిండా పాలు. ఆమెకి తెలుసు, ఆ చూపు లోపల్నుంచి ఎలా పైకి వస్తుందో. కనుబొమల దగ్గరికి వచ్చేసింది కూడా. జెనోవియా గట్టిగా కళ్ళు మూసుకుంది.

"కంట్లో ఏమైనా పడిందా?"

"ఏమీ పడలేదు. వడ్డించు."

బల్ల అంచు తడుముకుంటూ వచ్చి కూర్చుంది. చెంచా చేతికి దొరికింది. "మాడింది" అంది.

"అడుగున కొంచెం."

"కొంచెమా! పైనుంచి కిందదాకా మాడింది. ఇరవై ఆరేళ్ళుగా సంకటి కలపడం రాలేదు నీకు."

కళ్ళు తెరవకుండానే తింటూ పోయింది. సగం తినేసరికి ఫోను మోగింది. ఇలియె వెళ్ళి మునివేళ్ళ మీద లేచి నంబరు చూశాడు.

"అస్పాసియా. బ్రెషా నుంచి."

"రావట్లేదని చెప్పు."

"నేనా?"

"నువ్వు కాక ఎవరు? ఒంటితో పాటు నోరు కూడా కురచయిందా?" అంది జెనోవియా, రెండు కళ్ళూ బిగించి మూసుకుని, ఇంకో చెంచా నోట్లో పెట్టుకుంటూ.

ఇలియె స్టూలెక్కి ఫోను తీశాడు.