చక్కెర దాచిన చేతులు

ఇటుక బట్టీలో టీ పొయ్యి వెలిగిందంటే, పిచ్చుక ఎక్కడుందో చూసుకున్నాకే చక్కెర డబ్బా మూత తీసేవారు. పిచ్చుక అంటే మట్టి తొక్కే ఆమె కూతురు. ఒకచోట నిలవదు గనక ఆ పేరు. డాక్టరు ‘చక్కెర జబ్బు’ అన్న నాటినుంచి బట్టీలో ఆడా మగా అంతా ఆ పిల్లకి తీపి కంటపడకుండా కాపలా కాశారు. పాఠకులారా, వాళ్లను చూసి నవ్వకండి. తమ పిల్లల గుడ్డు తగ్గించి దానికి పెట్టినవాళ్లూ వాళ్లే. కానీ పేరును చూసి జబ్బును కొలిచారు. తంటా అక్కడే వచ్చింది.

ఆ పొద్దున తల్లి, చల్లగా ఉండాలని తడి ఇసుకలో దాచిన ముంతలోంచి మందు తీసి కూతురికి సూది వేసింది. అన్నం కలిపిచ్చి పనిలోకి వెళ్లింది. పిచ్చుక రెండు ముద్దలు మింగి ఆటకు తుర్రుమంది. సూది పడ్డాక కడుపు ఖాళీగా ఉంటే ప్రాణం మీదికొస్తుందని ఆ తల్లికి తప్ప ఎవరికీ తెలియదు.

కాసేపటికి పిల్ల చెమటతో తడిసి, వణుకుతూ ఇటుకల పక్కన కూలబడింది.

“అయ్యో, చక్కెర ఎక్కిపోయింది! సూది వేయాలి!” అంటూ నాయనమ్మ ముంతలో చెయ్యి పెట్టింది.

తల్లి మట్టి కాళ్లతోనే పరుగెత్తుకొచ్చింది. “ఆగత్తా! చక్కెర ఎక్కలేదు, పడిపోయింది. చక్కెర తెండి!”

టీ కాచే ఆమె డబ్బాను గుండెకు హత్తుకుంది. “ఈ జబ్బు పిల్లకి చక్కెరా? మతి పోయిందా వదినా?”

“కన్నతల్లివేనా? చేతులారా విషం పెడతావా?” అని అత్త అడ్డం నిలబడింది.

తల్లి అత్తను తప్పించుకుని ముందుకొచ్చింది. డబ్బా లాక్కుని, నీళ్లలో చక్కెర కలిపి, కూతురి తల పైకెత్తింది. “మింగు తల్లీ, మింగు.”

పిచ్చుక మింగింది. బట్టీ అంతా ఊపిరి బిగబట్టి చూసింది. మెల్లగా వణుకు తగ్గింది, కళ్లు నిలిచాయి.

“అమ్మా, నీళ్లలో మట్టి పడింది,” అంది పిల్ల.

“వచ్చింది దీనికి నోరు!” అంటూ టీ కాచే ఆమె భోరుమంది.

కూతురికి అన్నం తినిపించాక తల్లి అందరినీ కూర్చోబెట్టింది. “ఆస్పత్రిలో నర్సమ్మ నాకు చెప్పింది మీకూ చెప్తాను, వినండి. మాటిమాటికీ దాహమంటే చక్కెర ఎక్కినట్టు. చెమటపట్టి వణికితే పడిపోయినట్టు. అప్పుడు మింగగలిగితే చక్కెర నీళ్లు పట్టండి. స్పృహ లేకపోతే నోట్లో చుక్క పోయకుండా ఆస్పత్రికి పరుగెత్తండి. సూది మాత్రం ఎవరూ ముట్టొద్దు.” ఒక్కొక్కరి చేత తిరిగి చెప్పించింది. తడబడినవాళ్ల చేత మళ్లీ చెప్పించింది.

అత్త ముంత వైపు చూసింది. “నేను ఆ సూది వేసుంటే?”

కోడలు ఆమె చెయ్యి పట్టుకుంది. “దానిమీద ప్రేమ మీకెవరికీ తక్కువ కాదత్తా. కానీ జబ్బు పేరు తెలిసినంత మాత్రాన పిల్ల బతకదు. దాని తీరు తెలియాలి, చుట్టూ ఉన్న అందరికీ తెలియాలి.”