గున్నమ్మ తెరిచిన నోరు

గున్నమ్మ అంబలి గిన్నె తోసేసిన మూడో రోజుకి గాని తవిటమ్మకి సంగతి తెలియలేదు. అంతవరకూ కూతురు అలిగిందనే అనుకుంది. ఆ పొద్దున్న చూస్తే ఎడమ చెంప ఉబ్బిపోయి, కన్ను సగం మూసుకుపోయి ఉంది.

గున్నమ్మకి ఇరవై నాలుగేళ్లు. మనిషి ఎదిగింది గాని బుద్ధి మూడేళ్ల దగ్గరే ఆగిపోయింది. నొప్పి ఎక్కడో చెప్పలేదు. ఆమెకి వచ్చినవి రెండే మాటలు. ఆకలేస్తే “మ్మ” అంటుంది. చెల్లెలు దేముడమ్మ కావాలంటే “దే” అంటుంది. రెండేళ్లుగా రెండో మాటే ఎక్కువైంది.

రెండేళ్ల కిందట దేముడమ్మకి పెళ్లయింది. మొగుడికి గరివిడిలో కొత్తగా వచ్చిన ఫ్యాక్టరీలో పని. అంతకుముందు రోజూ పొద్దున్నే దేముడమ్మ అక్కని పెరటి మెట్టు మీద కూర్చోబెట్టుకుని, వెనక కూర్చుని, మోకాళ్ల మధ్య పట్టుకుని, కాల్చిన పిడకల కచ్చిక పొడిలో ఉప్పు కలిపి తన వేలితో పళ్లు తోమేది. ఎనిమిదో ఏట మొదలుపెట్టింది, పెళ్లి రోజు పసుపు చేతులతో కూడా తోమింది. దేముడమ్మ వెళ్లాక తవిటమ్మ ఒకసారి ప్రయత్నించింది. గున్నమ్మ కొరికిన మచ్చ ఇంకా చూపుడు వేలి మీద ఉంది. పళ్లే కదా అని వదిలేసింది.

శ్రీకాకుళంలో పళ్ల డాక్టరు నరసింగరావుగారి గదిలో ఎత్తయిన కుర్చీని చూడగానే గున్నమ్మ నేల మీద చతికిలబడింది. డాక్టరు కాసేపు బతిమాలి, తనూ ఎదురుగా నేల మీదే కూర్చున్నాడు. గున్నమ్మ పెదాలు విప్పలేదు. వేలితో విప్పబోతే చటుక్కున కొరికింది.

“ఇలా కాదమ్మా. వైజాగ్ పెద్దాసుపత్రిలో మత్తిచ్చి తీయించాలి,” అన్నాడు వేలు దులుపుకుంటూ.

“మత్తా బాబూ? మల్లీ లెగుస్తాదా?”

“లేస్తుంది. కాని ఆ వాపు చూస్తే లోపల చీము పట్టినట్టుంది, అన్ని రోజులు ఆగడం మంచిది కాదు. ఇంట్లో ఈమె పళ్లు ఎవరు తోముతారు?”

“సెల్లి తోమేది బాబూ. అది ఇప్పుడు అత్తోరింట్లో ఉన్నాది.”

“ఆమెని ఒక్కసారి తీసుకురండి.”

తవిటమ్మ తల వంచుకుంది. దేముడమ్మకి నెలలు నిండాయి. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలని తవిటమ్మ మెత్తటి పాత చీరలన్నీ ఉతికి పెట్టెలో దాచింది. ఏడో నెలలో పిల్లని తీసుకురావడానికి వెళితే వియ్యపురాలు జగ్గమ్మ ఒకే మాట అంది. “ఆ పిల్ల మొకం రోజూ సూస్తే మా కోడలి కడుపులో బిడ్డకీ అదే అవుతాది. పురుడు మేమే పోసుకుంటాం వొదినా.”

“ఆల్లు పంపరు బాబూ,” అంది.

“చెల్లెలు ఎలా కూర్చునేదో అలా మీరు కూర్చోండి,” అన్నాడు డాక్టరు. తవిటమ్మ వెనక చేరి, కూతుర్ని మోకాళ్ల మధ్య పట్టుకుంది. అయినా పెదాలు విడలేదు. అప్పుడు తవిటమ్మకి వీధి తలుపు కనబడింది. కూతురి చెవి దగ్గర నోరు పెట్టింది.

“గున్నా, దే వస్తన్నాది. అదిగో, బస్సు దిగతన్నాది. నోరు తెరు.”

గున్నమ్మ నోరు తెరిచింది.

సూది గుచ్చినప్పుడు ఒళ్లంతా వణికింది గాని నోరు మూయలేదు. పన్ను కదిలిస్తున్నంతసేపూ కళ్లవెంట నీళ్లు కారుతూనే ఉన్నాయి, చూపు మాత్రం తలుపు మీంచి తిరగలేదు. పన్ను ఊడివచ్చాక డాక్టరు చెమట తుడుచుకున్నాడు.

“తెలివైనవాళ్లు కూడా ఇంతసేపు తెరిచి ఉంచరమ్మా. ఇంక మూసి, దూది నొక్కిపెట్టమనండి.”

“మూసీ గున్నా. అయిపోనాది. మూసీ.”

మూయలేదు. అరగంట సేపు డాక్టరే గడ్డం కింద చెయ్యి పెట్టి, దవడ పైకి నొక్కి పట్టుకున్నాడు.

వారంలో వాపు తగ్గింది. గున్నమ్మ అంబలి తాగింది, అన్నం తింది. కాని రోజూ సాయంత్రం బస్సు వచ్చే వేళకి అరుగు మీదకి వచ్చి, రోడ్డుకేసి తిరిగి నోరు తెరుచుకుని కూర్చునేది. బస్సు ఆగేది, ఎవరెవరో దిగేవారు, బస్సు వెళ్లిపోయేది. నోరు అలాగే ఉండేది. చొంగ కారి రవిక తడిసేది.

“ఏటే తవిటీ, నీ కూతురు బస్సుని మింగేస్తాదేటే?” అని ఎదురింటి అసిరమ్మ నవ్వేది. ఒకటి రెండు రోజులు తవిటమ్మ కూడా నవ్వింది. తర్వాత నవ్వు రాలేదు. బుజ్జగించింది, కసిరింది, బెల్లం ముక్క పెట్టింది. బెల్లం నమిలి మింగి, గున్నమ్మ మళ్లీ నోరు తెరిచింది. పగిలిన పెదాలకి వెన్న రాస్తూ తవిటమ్మ పక్కనే కూర్చునేది. అలా కూర్చోగా కూర్చోగా బస్సు దిగేవాళ్లలో తనూ వెతుకుతున్నట్టు ఆవిడకే తెలిసింది.

పన్ను తీయించిన పద్దెనిమిదో రోజున గరివిడి నుంచి కార్డు వచ్చింది. ఆడపిల్ల పుట్టింది, తల్లీ పిల్లా కులాసా, పురిటి స్నానాలయ్యాక కబురు చేస్తాం అని ఉంది.

తవిటమ్మ ఆ పాత చీరలు మూట కట్టింది. గున్నమ్మకి తల దువ్వింది.

“కబురెడతామన్నారు గదా. పిలవకండా ఏటికెల్తావు? అందులోకి దీన్నట్టుకుని!” అన్నాడు మొగుడు కూర్మయ్య.

“నాను దీనికి అబద్ధమాడినాను,” అంది తవిటమ్మ. “ఇది నా మాట నమ్మి కూకున్నాది.”

పొందూరులో పాసింజరెక్కి గరివిడిలో దిగారు. జగ్గమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. గున్నమ్మని చూసి చేట కింద పెట్టేసింది.

“ఏటి వొదినా, ఒక్క ముక్క సెప్పకండా?”

“బిడ్డ పుట్టీసినాది గదా వొదినా. ఇంకేటి బయం?”

“పురిటి నీల్లు పోయలేదు. పాలు తాగే పసిగుంట ఉన్నాది. గదిలోకి ఎవులూ ఎల్లకూడదు.”

“గడప దాటం. బయట నించునే సూసీసి ఎలిపోతాం.”

జగ్గమ్మ పెరటి వైపు దారి విడిచింది. తనూ వెనకే వచ్చి పురిటి గది గుమ్మానికి అడ్డంగా చెయ్యి పెట్టుకుని నిలబడింది.

లోపల చీకటిగా ఉంది. దేముడమ్మ చెవులకి గుడ్డ కట్టుకుని నులకమంచం మీద ఉంది. పక్కన పొత్తిళ్లలో బిడ్డ.

“అమ్మా! అప్పా!” అని అక్కకేసి చూస్తూ లేవబోయింది.

“లెగకు,” అంది జగ్గమ్మ.

గున్నమ్మ జగ్గమ్మ చేతి మీదుగా లోపలికి చూసింది. “దే” అంది. అని, వెలుగు వైపు మొహం తిప్పి, నోరు బాగా తెరిచింది.

“ఏదే అప్పా, ఆ పన్నేదే?” అంది దేముడమ్మ.

“తీయించీసినాం. నువ్వొస్తావని సెప్పి తెరిపించినాను,” అంది తవిటమ్మ. “అప్పట్నించీ మూయదు. ఏటి సెయ్యమంటావు?”

దేముడమ్మ కుడి చెయ్యి ఎత్తి, చూపుడు వేలు చాపి, గాలిలో మెల్లగా తోమడం మొదలుపెట్టింది. “ఇటూ... ఇటూ... ఇప్పుడు లోపల... ఇప్పుడు కింద...” గుమ్మం బయట గున్నమ్మ గడ్డం ఆ వేలితోపాటు కదిలింది. కిందకి అన్నప్పుడు తల వంచింది. పన్ను లేనిచోట వేలు ఒక్క క్షణం ఆగి, జాగ్రత్తగా దాటింది.

“అయిపోనాది. పుక్కిలించి ఊసీ.”

గున్నమ్మ బుగ్గలు ఉబ్బించింది. లేని నీళ్లు రెండుసార్లు పుక్కిలించి, పక్కకి తిరిగి మట్టిలో ఊసింది. నోరు మూసింది.

తవిటమ్మ ఆ మూసిన నోటికేసి చూస్తూ ఉండిపోయింది. పదేళ్లు రోజూ పొద్దున్న తమ పెరట్లో గిన్నెలు తోముకుంటూ ఆ “పుక్కిలించి ఊసీ” అన్న మాట విన్నది తను.

“బండి వేళవుతాది వొదినా,” అంది జగ్గమ్మ. మాట ముందంత గట్టిగా లేదు గాని, చెయ్యి గుమ్మం మీంచి తీయలేదు.

తవిటమ్మ చీరల మూట గడప ఇవతల పెట్టింది. గున్నమ్మ చెయ్యి పట్టుకుంది. పెరటి మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూస్తే, ఆ చీకట్లో దేముడమ్మ వేలు ఇంకా గాలిలోనే ఉంది.