తలుపు దాకా

ఆమెను అందరూ పిచ్చుక అనేవాళ్లు. మనిషి చిన్నది, నోరు మాత్రం గలగల. ఆ పేరు పెట్టింది పెద్దక్క. పదకొండేళ్ల కిందట పిచ్చుక సోషల్ వర్క్ చదువుతూ శిక్షణ కోసం పిల్లల సంరక్షణ ఆఫీసుకు వెళ్లింది. అక్కడ అందరికంటే సీనియర్ పెద్దక్క. ఏడుస్తున్న తల్లి ముందు నోరు ఎలా మూసుకోవాలో, ఇంటికి వెళ్లొచ్చాక నోట్సు ఎలా రాయాలో ఆవిడ దగ్గరే నేర్చుకుంది. “కంటితో చూసిందే రాయవే. అనుకున్నవి రాస్తే అది కథ అవుతుంది” అనేది పెద్దక్క.

ఇప్పుడు పిచ్చుక తను చదివిన కాలేజీలోనే పాఠాలు చెబుతూ పరిశోధన చేస్తోంది. ఈ చదువుకు వచ్చే పిల్లలు ఈ పని గురించి ఏమనుకుంటున్నారన్నది ఒక సగం. ఇందులో ఏళ్ల తరబడి ఉన్నవాళ్లు ఎలా బతుకుతున్నారన్నది రెండో సగం. విద్యార్థుల ఫారాలు చదువుతుంటే నవ్వాగలేదు. మొదటి ఏడాది వాళ్లంతా లోకాన్ని భుజాన మోసేస్తామని రాశారు. ఆఖరి ఏడాదికి వచ్చేసరికి ఆ భుజాలు కనపడలేదు. ఎందుకు చేరావంటే ఒకడు, “మా మావయ్య ఫారం నింపేశాడు, నేను నిద్రలేచేసరికి సీటొచ్చింది” అని రాశాడు.

ఉద్యోగుల ఫారాల కోసం పెద్దక్క ఆఫీసులో తాళం వేసిన పెట్టె పెట్టారు. పేరు రాయక్కర్లేదు. “మీరెవరో కనుక్కోం, ఎవరికీ చెప్పం” అని పైన అచ్చువేసి, కింద పిచ్చుక సంతకం చేసింది. చివరి పేజీ ఖాళీగా వదిలారు, ఇంకేమైనా చెప్పుకోవాలనిపిస్తే రాసుకోమని.

సోమవారం ఉదయం పెట్టె తెరిచింది. పదిహేడో ఫారం చివరి పేజీలో నాలుగు వాక్యాలున్నాయి.

“ఆరు వారాలుగా కొన్ని ఇళ్లకు వెళ్లడం లేదు. తలుపు దాకా వెళ్తాను. తలుపు కొట్టలేను. బస్టాపులో కూర్చుని, వెళ్లొచ్చినట్టు రాస్తున్నాను.”

ఎడమకు ఒరిగిన ఆ అక్షరాలు ఎవరివో ఆమెకు ఇంకొకరు చెప్పాలా? ఆ చేతిరాత చూసే నోట్సు రాయడం నేర్చుకుంది.

ఫారం పట్టుకుని నేరుగా, ఈ పరిశోధన నడిపిస్తున్న ప్రొఫెసర్ గారి గదికి వెళ్లింది. ఆయన రెండుసార్లు చదివి కళ్లద్దాలు తీశాడు.

“ఎవరో తెలుసా?”

“అనుకుంటున్నాను సార్.”

“నాకు చెప్పకు. పిల్లలకు ప్రమాదం ఉంటే చెప్పేస్తాం అన్న వాక్యం మనం ఫారంలో పెట్టాల్సింది. పెట్టలేదు. తప్పు నాది కూడా.” కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. “ఇప్పుడు బయటపెడితే ఇంకెవరూ మనకు నిజం రాయరమ్మా. ఇలాంటివి తేల్చే పరిశోధన కమిటీ వచ్చే సోమవారం కూర్చుంటుంది. ఉత్తరం రాయి.”

“అంతదాకా ఆ పిల్లలు?”

ఆయన ఫారం తిరిగి ఆమె చేతికిచ్చాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పిచ్చుక ఉత్తరం రాసిచ్చింది.

మంగళవారం పెద్దక్కను టీకి పిలిచింది. ఆఫీసు పక్క సందులో, రెండు బల్లలు మాత్రమే పట్టే కొట్టు. వాతావరణంతో మొదలుపెట్టి కాలేజీ గోడల రంగు దాకా ఏదేదో మాట్లాడింది. పెద్దక్క కప్పు కింద పెట్టింది.

“చదివావన్నమాట.”

పిచ్చుక తల ఊపింది.

“నువ్వు డొంకతిరుగుడుగా మాట్లాడితే కుంటివాడు పరుగు పందెంలో దిగినట్టుంటుందే. మానెయ్.” నవ్వబోయింది గానీ పెదవులు సహకరించలేదు. “రెండు నెలల కిందట ఒక ఇంట్లోంచి పిల్లను తీసుకురావాల్సి వచ్చింది. నాలుగేళ్లు. తండ్రి కొడుతున్నాడు, తీసుకురాక తప్పదు. ఆ పిల్ల గుమ్మం పట్టుకుంది. ఒక్కో వేలూ నేనే ఊడదీశాను. ఇరవై మూడేళ్లలో ఎన్నోసార్లు చేసిన పనే. తర్వాత వారం ఇంకో ఇంటి ముందు నిలబడ్డాను. చెయ్యి లేవలేదు. అంతే.”

“సెలవు పెట్టండక్కా.”

“అరవై ఒక్క ఇళ్లున్నాయి నా కింద. అవి ఎవరి నెత్తిన పడేస్తారు? ఇప్పటికే అందరూ మునిగే పడవలోనే ఉన్నారు.”

అప్పుడు పిచ్చుక తనకు తోచిన దారి చెప్పింది. వదిలేసిన ఇళ్లు ఎన్నో చెబితే తనూ వెంట వస్తుంది. తలుపు తను కొడుతుంది. పెద్దక్క వేళ్ల మీద లెక్కపెట్టి, “పద్నాలుగు” అంది.

బుధవారం మొదలుపెట్టారు. ఏ ఇల్లు ముందో పెద్దక్కే వరస రాసింది. తాగే తండ్రుల ఇళ్లు పైన, నెమ్మదైనవి కింద. లోపలికి అడుగుపెట్టాక పెద్దక్క పాత పెద్దక్కే. వంటింట్లో తొంగిచూసేది, పిల్లల గోళ్లు చూసేది, వాళ్లతో నేల మీద చతికిలబడి సంచిలోంచి బొమ్మలు తీసేది. శుక్రవారం సాయంత్రానికి పదమూడు పూర్తయ్యాయి. ఒక్కటే మిగిలింది. ఒక నాయనమ్మ, ఏడేళ్ల మనవరాలు, పది నెలల మనవడు ఉండే ఇల్లు.

“ఆవిడ బంగారం. సోమవారం చూద్దాంలే” అంది పెద్దక్క. శని, ఆదివారాలు ఆఫీసుకు సెలవు. ఆ రెండు రోజులూ పిచ్చుక కంటినిండా నిద్రపోయింది.

సోమవారం పిచ్చుక ఎంత కొట్టినా తలుపు తెరుచుకోలేదు. లోపల ఎవరో కదులుతున్న చప్పుడైతే వినిపిస్తోంది. పెద్దక్క కిటికీ దగ్గరకెళ్లి, “నేనమ్మా, బొమ్మల అత్తని” అని పిలిచింది. అప్పుడు గడియ తీసింది పిల్ల.

నాయనమ్మకు పక్షవాతం వచ్చి పది రోజులు దాటింది. కుడివైపు పడిపోయి మంచం మీదే ఉంది, మాట స్పష్టంగా లేదు. పిల్ల ఆవిడకు నీళ్లు తాగిస్తోంది, బ్రెడ్డు తడిపి పెడుతోంది. పసివాడికి నాలుగు రోజులుగా విరేచనాలు. చక్కెర నీళ్లు పట్టానని చెప్పింది. వాడు ఏడవడం లేదు. కళ్లు లోపలికి పోయి ఉన్నాయి.

“పక్కింటివాళ్లకైనా చెప్పలేదేం తల్లీ?” అంది పిచ్చుక.

“చెప్తే మమ్మల్ని తీసుకెళ్లిపోతారంట. నాయనమ్మ చెప్పొద్దంది.”

పెద్దక్క పసివాణ్ని ఎత్తుకుని ఆటో కోసం రోడ్డు మీదికి పరిగెత్తింది.

బుధవారం ఆస్పత్రిలో పసివాడు పోయాడు. శనివారం తెచ్చి ఉంటే కాపాడగలిగేవాళ్లమని డాక్టరు అంది. తప్పుపట్టడానికి కాదు, పిచ్చుక అడిగింది కాబట్టి చెప్పింది.

విచారణ జరిగింది. ఫైల్లో ఆ ఇంటి గురించి పెద్దక్క రాసిన ఆఖరి నోట్సు చదివారు. అది రాసేనాటికి నాయనమ్మ పడిపోయి మూడు రోజులు. “నాయనమ్మ ఆరోగ్యంగా తిరుగుతోంది. పిల్లలు ఆడుకుంటున్నారు” అని ఉంది. పెద్దక్క దేన్నీ కాదనలేదు. తర్వాత పిచ్చుకను పిలిచారు.

“ఆవిడ ఇళ్లకు వెళ్లడం లేదని మీకెప్పుడు తెలిసింది?”

“ఆ పిల్లలు దొరకడానికి ఏడు రోజుల ముందు.”

“ఆఫీసుకు ఎందుకు చెప్పలేదు?”

“చెప్పనని సంతకం పెట్టాను. అది సగమే. ఆవిడంటే నాకు ప్రాణం. నేనే సర్దేయగలననుకున్నాను.”

పెద్దక్క ఉద్యోగం పోయింది, కేసు పెట్టారు. నాయనమ్మను వృద్ధుల వార్డుకు, పిల్లను హోముకు పంపారు. ఆ పిల్ల తిండి దాచుకుంటోందనీ, దిండు కింద రొట్టె ముక్కలు దొరుకుతున్నాయనీ కబురొచ్చింది.

నెల తర్వాత పిచ్చుక పెద్దక్క ఇంటికి వెళ్లింది. ఆవిడ ముఖం సగమైపోయింది. బయల్దేరుతుంటే పెద్దక్క అంది:

“నువ్వా రోజే చెప్పేసుంటే ఈ జన్మలో నిన్ను క్షమించేదాన్ని కాదే.” గేటు గడియ తీస్తూ, “అయినా చెప్పాల్సింది” అంది.

పరిశోధన మళ్లీ మొదలైంది. ప్రమాదం తెలిస్తే చెప్పేస్తాం అన్న వాక్యం ఈసారి ఫారంలో ఉంది. ముప్పై ఎనిమిది ఫారాలు వచ్చాయి. అందరూ బాగానే నిద్రపోతున్నారట. చివరి పేజీలో ఎవరూ ఒక్క అక్షరం రాయలేదు.

కొత్త ఏడాది తరగతులు ప్రారంభమయ్యాక మొదటి వారంలోనే జరిగినదంతా పిచ్చుక విద్యార్థులకు చెప్పింది. వెనక బెంచీలోంచి ఒకమ్మాయి అడిగింది.

“మళ్లీ అలాంటి కాగితం చేతికొస్తే ఏం చేస్తారు మేడమ్?”

“ఆ గంటలోనే ఆఫీసుకు చెప్తాను. రాసినవాళ్ల చేతికి బేడీలు పడ్డా సరే.”

“మరి అందరూ అబద్ధాలే రాస్తే?”

“రాస్తున్నారు” అంది పిచ్చుక.

ఆ వారంలో ముగ్గురు కోర్సు మానేస్తామని కాగితాలు తెచ్చారు. ఉండండని ఆమె ఎవరినీ బతిమాలలేదు. మూడింటి మీదా సంతకం చేసి, మిగిలినవాళ్ల శిక్షణకు ఇళ్ల జాబితా తయారుచేయడానికి కూర్చుంది.